పౌరుషగ్రంథి శస్త్రము – వృద్ధులు కోలుకొన్న చరిత్ర



గ్రామములో రచ్చబండకడ నలుగురు పెద్దలు చేరినప్పుడు మోకాళ్ల నొప్పులను గూర్చియు, కంటిపొరలను గూర్చియు, మధుమేహమును గూర్చియు సంకోచము లేక ముచ్చటించుకొందురు. ఒక్క బాధను గూర్చి మాత్రము నోరు మెదపరు. రాత్రి నాలుగైదు మారులు లేవవలసివచ్చుట, లేచినను ధార సన్నగిల్లి ఆగి యాగి వచ్చుట, పొత్తికడుపు బరువు తీరకుండుట, ఇవి అరువదేండ్లు దాటిన పురుషులలో పలువురు ఎరిగినవే. మూత్రాశయము క్రింద మూత్రనాళమును చుట్టుకొని పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి పురుషులకు గలదు. దానిని పాశ్చాత్యవైద్యులు ప్రోస్టేటు అనియు, మనవారు పౌరుషగ్రంథి యనియు వ్యవహరింతురు. వయసు ముదిరిన కొలది నది పెరిగి నాళమును నొక్కును. మందులకు లొంగనిచో శస్త్రము తప్పదు. శస్త్రము చేయించుకొన్న వృద్ధుడు మంచము దిగి మరల నలుగురిలో తిరుగుట ఎన్నడు, ఎట్లు సాధ్యమైనదో నేడు మనవి చేసెదను. ఈ చరిత్రలో కత్తికి వచ్చిన కీర్తి గొట్టమునకును, పరిచర్యకును రాలేదని నా యభిప్రాయము.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున మూత్రాఘాతము లను పేర పండ్రెండు విధములైన మూత్రనిరోధములు చెప్పబడినవి. వానిలో వాతాష్ఠీల యనునది మలమార్గమునకును వస్తికిని, అనగా మూత్రాశయమునకును, నడుమ గుండ్రాతివలె గట్టిగా నేర్పడు గ్రంథి. ఇది పౌరుషగ్రంథి వృద్ధియే యని ఆయుర్వేద విద్వాంసులలో పలువురి తలంపు. దీనికి సుశ్రుతుడు కషాయములను, వస్తికర్మలను విధించెనే కాని కత్తి చెప్పలేదు. మూత్రాశయములోని రాతికి మాత్రము చెప్పినాడు. చికిత్సాస్థానము 7వ అధ్యాయములో, కోయకున్న చావు నిశ్చయము, కోసిన సందేహము, కావున రాజున కెరిగించి అనుజ్ఞ గొని మరీ చేయవలెనని హెచ్చరించినాడు. నేడు వైద్యశాలలో మనచేత వ్రాలు చేయించుకొను కాగితమునకు ఇది ముత్తాత.

నన్ను ఆశ్చర్యపరచినది కోత విధానము కాదు, దాని వెనుకటి విధి. రాయి తీసిన వెంటనే రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టవలెను. అట్లు చేసిన వస్తి నెత్తురుతో నిండదు. నిండెనేని పాలుగారు చెట్ల పట్టల కషాయమును సన్నని గొట్టముతో లోనికి పంపి కడుగవలెను. గాయమునకు తేనె, నెయ్యి పూయవలెను. మూడు రాత్రులు రెండు పూటల నేతితో కూడిన వేడి గంజి. పిమ్మట పది రాత్రులు బెల్లము కలిపిన పాలతో మెత్తని యన్నము, అదియును కొంచెమే. ఏడు రాత్రులైనను మూత్రము తన సహజమార్గమునకు రాకున్న గాయమును అగ్నితో కాల్చవలెను. గాయము మానిన తరువాత సంవత్సరము పాటు స్త్రీసంగమము, గుఱ్ఱము, ఏనుగు, రథము, కొండ, చెట్టు, ఈత, గురుభోజనము, ఇవన్నియు వర్జ్యములు.

నేడు పౌరుషగ్రంథి శస్త్రము చేయించుకొన్నవానికి ఇంటికి పంపునపుడు ఒక కాగిత మిత్తురు. అందు నాలుగు నుండి ఆరు వారములు సైకిలు త్రొక్కరాదు, బరువు లెత్తరాదు, ముక్కరాదు, మలబద్ధము కానీయరాదు, కొంతకాలము సంసారసుఖము కూడదు అని యుండును. గుఱ్ఱము పోయి సైకిలు వచ్చినది, సంవత్సరము పోయి మాసమున్నర వచ్చినది. లోని పచ్చిగాయము కదలికకు ఓర్వదను మూలసూత్రము మారలేదు. అప్పుడు కషాయముతో కడిగిన వస్తిని ఇప్పుడు పైన వ్రేలాడదీసిన ఉప్పునీటి సంచులతో కడుగుచున్నారు.

పాశ్చాత్య దేశములలో చాలకాలము వృద్ధులకు గొట్టమే గతి. అది లోహముతో చేసిన కఠినమైన నాళము. అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్, మెఱుపులోని విద్యుత్తును కనుగొన్న మహనీయుడు, తన అన్న మూత్రాశయపు రాతితో బాధపడుచుండగా 1752లో వంగునట్టి వెండిగొట్టము చేయించి పంపెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ రబ్బరు గట్టిపరచు విద్య వచ్చిన పిమ్మట పారిసులో నెలటోను అను వైద్యుడు మెత్తని రబ్బరు గొట్టము వాడుకలోనికి తెచ్చెను. ఎందరో వృద్ధులు దానిని టోపీలో దాచుకొని తిరుగుచు, వేళకు తమంత తామే చొప్పించుకొని మూత్రము తీసికొనుచుండిరి. ఆ బ్రతుకునకు కాథెటరు జీవితమని పేరు. క్రిమి యనునది తెలియని కాలమగుటచే ఆ గొట్టమే జ్వరమును లోనికి కొనిపోవుచుండెను. మూత్రపిండములు చీము పట్టి పలువురు ఆ బ్రతుకును ఎక్కువకాలము బ్రతుకలేదు.

గ్రంథిని సమూలముగా తీసివేయు విద్యను లోకమంతట వ్యాపింపజేసినవాడు పీటరు ఫ్రేయరు. ఐర్లండు దేశీయుడు, 1875లో భారత వైద్యశాఖలో చేరి రెండు దశాబ్దులు ఉత్తర హిందూస్థానమున పనిచేసి, మూత్రాశయపు రాళ్లను లోపలనే నలిపి కడిగివేయుటలో చేయి తిరిగినవాడు. లండను చేరిన పిమ్మట సెంటు పీటర్సు వైద్యశాలలో 1900 డిసెంబరు 1వ తేదీన 69 ఏండ్ల వృద్ధునికి పొత్తికడుపు కోసి, మూత్రాశయము తెరచి, వ్రేలితో గ్రంథిని తొనవలె ఒలిచి తీసెను. నిమిషములలో ముగియు పని. అంతకుముందే న్యూయార్కులో ఫుల్లరు అను నతడు ఇట్టి శస్త్రము చేసియున్నందున కీర్తి యెవరిదని పెద్ద కలహము జరిగినది. దాని జోలికి పోను. ఆ వృద్ధుడు తరువాత ఎట్లుండెననునది మనకు ముఖ్యము. కడుపు గాయములో లావైన రబ్బరు గొట్టము నిలిపి మూత్రాశయమును కుట్టక విడిచెడివారు. మూత్రము, రక్తము గాయమునుండియే కారుచుండెను. కట్లు తడిసిన కొలది మార్చుచు దాదులు రేయింబవళ్లు శ్రమింపవలసివచ్చెను. గాయము పూడి మూత్రము సహజమార్గమునకు వచ్చుటకు వారములు పట్టెడిది. సుశ్రుతుడు ఏడు రాత్రులు ఎదురుచూచిన ఘట్టమే యిది.

మూత్రపిండములు చెడిన దుర్బలులకు ఒక్కమారే గ్రంథి తీయుట ప్రమాదమని, ముందు మూత్రాశయమునకు పైనుండి ద్వార మేర్పరచి, రోగి తేరుకొన్న కొన్ని వారములకు రెండవ శస్త్రము చేయు పద్ధతి తరువాత వచ్చెను. ఈ మొదటి మెట్టుననే మన దేశమునకు ఒక మహాకవి దూరమయ్యెను. రవీంద్రనాథ ఠాకూరు 1940 సెప్టెంబరులో కాలింపాంగులో మూత్రవ్యాధి ముదిరి స్పృహ కోల్పోయెను. ఆనాడు తేరుకొన్నను బాధ విడువలేదు. కవిరాజు మందులిచ్చెను. శస్త్రము చేయవలెనని డాక్టరు బిధాన చంద్ర రాయి మొదలగువారును, వలదని వయోవృద్ధుడైన నీలరతన సర్కారును భేదించిరి. కవికి శస్త్ర మిష్టము లేదు. తుదకు 1941 జూలై 25న శాంతినికేతనము నుండి కలకత్తా జోడాసాంకో గృహమునకు కొనివచ్చిరి. 30వ తేదీ యుదయమున ఆయన తన కడపటి కవిత చెప్పి వ్రాయించెను. ఆ దినముననే ఇంటి వరండాలో లలితమోహన బంద్యోపాధ్యాయుడు శస్త్రము చేసెను. ఎనిమిది దినములకు, ఆగస్టు 7న, ఎనుబదియవ యేట రవీంద్రుడు కన్నుమూసెను. 1919లో మన మదనపల్లెలో కూర్చుండి జనగణమన గీతమును ఆంగ్లమున వ్రాసిన ఆ మహానుభావుని ప్రాణము ఇంత చిన్న గ్రంథివలన పోయెనా యని తలచినపుడెల్ల మనసు చివుక్కుమనును. ఆ 1941 ఫిబ్రవరిలోనే ఆక్సుఫర్డులో పెనిసిలిను మొదటి రోగికి ఇచ్చి చూచిరి. అది మన దేశమునకు ఇంకను రాలేదు. వచ్చియున్నను, అప్పటికే మూత్రపిండములు సన్నగిల్లిన ఎనుబదేండ్ల దేహమును నిలిపెడిదని చెప్పజాలము.

ఇటుపిమ్మట మార్పులు వెంటవెంట వచ్చినవి. అమెరికాలో ఫ్రెడరికు ఫోలీ యను వైద్యుడు 1930 తరువాతి సంవత్సరములలో కొనయందు బుడగ గల రబ్బరు గొట్టము కల్పించెను. బుడగ ఉబ్బి గొట్టము జారకుండ నిలుచును. నేటికిని వైద్యశాలలలో మనము చూచు గొట్టము అదియే. మూత్రనాళములోనుండియే పరికరము పంపి విద్యుత్తుతో గ్రంథిని గోకి తీయు విద్య ఆ కాలముననే కుదురుకొనెను. దానితో కడుపు కోత తప్పినది. 1945లో లండనులో టెరెన్సు మిల్లిను మూత్రాశయమును తెరువక దాని ముందునుండి గ్రంథిని తీసి చూపెను. వారముల తరబడి తడిసిన పక్క అంతటితో చరిత్రలో కలిసెను. నేడు లేజరు కిరణముతో గ్రంథిని పొరనుండి వేరుచేసి తీయుచున్నారు. ఫ్రేయరు వ్రేలు చేసిన పనినే ఇప్పుడు వెలుతురు చేయుచున్నది.

దేహము తేరుకొన్నను మనసు తేరుకొనుట వేరు. 1963 అక్టోబరులో ఇంగ్లండు ప్రధానమంత్రి హెరాల్డు మాక్మిలనునకు 69వ యేట హఠాత్తుగా మూత్రము బంధించెను. 10వ తేదీన శస్త్రమైనది. తన పని ముగిసినదని నమ్మి 18వ తేదీన, వైద్యశాల మంచముమీదనుండియే, పరామర్శకు వచ్చిన రాణికి రాజీనామా సమర్పించెను. ఆ గ్రంథిలో పుట్టకుఱుపు లేదు. ఆయన తరువాత 23 ఏండ్లు జీవించి, ఆరు సంపుటముల స్వీయచరిత్ర వ్రాసి, ప్రభువుల సభలో ప్రసంగములు చేసి, 92వ యేట 1986లో దివంగతుడయ్యెను. మరుసటి యేడు 1964 ఏప్రిలులో ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాలు 73వ యేట ఇట్టి శస్త్రమే చేయించుకొనెను. ముందుగా ఎవరికిని చెప్పలేదు, పదవి విడువలేదు. అయిదు మాసములకు బయలుదేరి దక్షిణ అమెరికాలో పది దేశములు చుట్టివచ్చెను. వీరిలో మాక్మిలనే నాకు ఎక్కువ దగ్గరివాడుగా తోచును. మంచముమీదనుండగా ఇక నేనెందులకు పనికివత్తునని తలపని వృద్ధుడు అరుదు.

నాకును 66వ యేట ఈ శస్త్రము జరిగినది. మూడవ దినమున గొట్టము తీసిరి. ఇంటికి వచ్చిన పిమ్మట దగ్గినను, లేచినను పంచె తడియుచుండెను. మా యింటి ఇల్లాలు పాత నూలుచీరలు చించి మడతలు కుట్టి యిచ్చినది, మాటాడక యిచ్చినది. పండ్రెండవ నాడు మూత్రము ఎఱ్ఱగా వచ్చెను. గుండె జారినది. వైద్యునికి ఫోను చేయించగా, లోని గాయపు పక్కు రాలుచున్నది, నీరు బాగుగా త్రాగుడు, రెండు దినములలో తెల్లబడునని చెప్పెను. అట్లే జరిగినది. ఆ మాసములో దేవాలయమున పురాణకాలక్షేపమునకు పోలేదు. మా యూరిలో ఈ శస్త్రమైన పెద్దలు నాకు ముందే యిద్దరు గలరని తరువాత తెలిసినది. వారిలో నొకరు ప్రతిదినము మా యరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక చదువువారు. పంచె తడియుట నాలుగు వారములలో తగ్గుననియు, పండ్రెండవనాటి ఎఱుపు భయపడదగినది కాదనియు ఆయన యొక్క మాట చెప్పియున్న నాకు ఎన్ని నిద్రలేని రాత్రులు తప్పియుండునో!

పుట్టకుఱుపు సంగతి వేరు. దానికి గ్రంథి నంతటిని చుట్టుపొరతో తీయవలెను. 1904లో బాల్టిమోరులో హ్యూ యంగు దానిని సాధించెను గాని, బ్రతికినవారిలో మూత్రము పట్టులేనివారును, దాంపత్యశక్తి కోల్పోయినవారును మెండు. ఆ నరము లెక్కడ పోవుచున్నవో డెబ్బదియేండ్లకు పైగా ఎవరికిని స్పష్టముగా తెలియదు. 1981లో హాలండులోని లైడెనులో, ఉద్యోగవిరమణము చేసిన డోంకరు అను ఆచార్యుడు మృతశిశువు దేహమున ఆ సన్నని నరములను ఓపికతో వెదకి, తన్ను చూడవచ్చిన బాల్టిమోరు వైద్యుడు పాట్రిక్ వాల్షునకు చూపెను. వారిరువురును గ్రంథికి వెలుపల ప్రక్కగా పోవు ఆ మార్గమును గుర్తించిరి. మరుసటి యేడు ఏప్రిలు 26న వాల్షు వానిని కాపాడుచు శస్త్రము చేసెను. విరమణము పొందిన ఆచార్యుడు ఇంతటి పని చేయుట నావంటివానికి ఎంత సంతోషమో చెప్పనక్కఱలేదు. 2000 తరువాత యంత్రహస్తములతో ఈ శస్త్రము చేయుట వ్యాపించినది. దానికి పేరుతెచ్చిన అమెరికాలోని డెట్రాయిటు సంస్థకు అప్పుడు నాయకుడుగా నుండినవాడు కేరళీయుడైన మణి మేనోను. దానికి ధనమిచ్చినవాడు మన తెలుగువాడైన వట్టికూటి రాజు. సంస్థకు వట్టికూటి వారి పేరే గలదు.

ఈ పెద్ద శస్త్రమైన వారికి గొట్టము వారము పది దినములుండును. తడి తగ్గుటకు మాసములు, కొందరికి సంవత్సరము పట్టును. చిన్న శస్త్రమైనవారికి కొన్ని వారములే. అటుపిమ్మట వీర్యము వెలికి రాక మూత్రాశయములోనికి పోవుట కలుగవచ్చును, దానివలన హాని లేదు. చలిజ్వరము వచ్చినను, గడ్డలుగా నెత్తురు పడినను, మూత్రము పూర్తిగా ఆగినను మాత్రము తెల్లవారువరకు ఆగక వైద్యశాలకు పోవలయును.

తడి తగ్గుటకు వైద్యులు చెప్పు వ్యాయామము ఒకటి కలదు. 1948లో లాసు ఏంజెలీసులో ఆర్నాల్డు కెగెలు అను వైద్యుడు ప్రసవానంతరము మూత్రము పట్టు తప్పిన స్త్రీల కొఱకు దానిని ప్రచురించెను. నేడు శస్త్రమైన పురుషులకును నేర్పుచున్నారు. అపానవాయువును బిగబట్టునట్లు క్రింది కండరములను బిగించి అయిదు లెక్కించువరకు నిలిపి, అంతసేపు వదలవలెను. ఇట్లు పదిమారులు, దినమునకు మూడు పూటలు. కడుపును, తొడలను బిగింపరాదు, ఊపిరి ఆపరాదు. గొట్టము లోపల నుండగా చేయరాదు, తీసిన పిమ్మట మొదలిడవలెను. పండుకొనియు, కూర్చుండియు, నిలుచుండియు చేయవచ్చును. రచ్చబండ మీద నలుగురి నడుమ కూర్చుండి చేసినను ప్రక్కవానికి తెలియదు.