మూటలోని ఇప్పపువ్వు

మా పెద్దలు అంగడికో, చుట్టాల ఊరికో అడవిదారిన రోజుల తరబడి నడిచేవారు. నడిచేవాడి మూట తేలికగా ఉండాలి. వేసవిలో తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, దోరగా వేయించి, నువ్వులతో దంచి ఉండలు చేసేవారు. ఎండితే నీరు పోతుంది, తీపి మిగులుతుంది. దారిలో పొయ్యి వెలిగించే పని లేదు. జొన్నరొట్టె అయితే మర్నాటికే గట్టిపడుతుంది.

సర్కారుకు మాత్రం ఈ పువ్వులో సారాయే కనిపించింది. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో మహువా చట్టం తెచ్చి పువ్వు సేకరణ, నిల్వ, అమ్మకాలపై ఆంక్షలు పెట్టారు. మహువా అంటే మన ఇప్పే. ఆబ్కారీ రాబడి కోసం ఆకలి తీర్చే తిండిని నేరం చేశారన్నమాట!

ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. బడి పిల్లలతో అడవికి పోయినప్పుడు మేం అవే మూట కట్టుకుంటాం. పిల్లలు బిస్కెట్ పొట్లాలూ తెస్తారు, అయినా ముందు అయిపోయేవి లడ్డూలే.