పిన్నీసు ఎవరి సొత్తు?

పుస్తెలతాడుకో, గాజులకో రెండు మూడు పిన్నీసులు తగిలించుకోని ఆడమనిషి చిత్తూరు జిల్లా ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు అరుదు. చీర కుచ్చిళ్లకు ఒకటి, గుండీ తెగిన జాకెట్టుకు ఒకటి. అరికాల్లో దిగిన తుమ్మముల్లు తీయడానికీ, లంగాకు బొందు ఎక్కించడానికీ ఇంకొకటి. చేతిలోకి తీసుకుని చూస్తే అందులో ఉన్నది వంచిన తీగే. ఒక కొసన చుట్ట తిరిగి స్ప్రింగయింది, రెండో కొసన మొన గుచ్చుకోకుండా చిన్న టోపీ. ఈ చుట్టకూ ఈ టోపీకీ న్యూయార్కులో ఉండే వాల్టర్ హంట్ 1849 ఏప్రిల్ 10న అమెరికా పేటెంటు పొంది, దాన్ని 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు. వస్తువుల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు. ఆ కాగితం మన నేల మీద ఏనాడూ చెల్లలేదన్న సంగతి వాళ్లకు పట్టదు. పేటెంటు ఇచ్చిన దేశపు పొలిమేర దాటితే దానికి విలువ లేదు, పైగా 1849 నాటికి ఇండియాలో పేటెంటు చట్టమే పుట్టలేదు. హంట్ కాపాడుకున్నది తీగ వంపును, ముల్లు తీసే ఉపాయం వాడిన చేతులది. అందుకే ఒక ఊరి సౌకర్యాల చరిత్రను పేటెంటు తేదీలతో రాయకూడదంటాను. పేటెంటు పట్టు లేనిచోటో, సడలినచోటో వస్తువు జనానిదవుతుంది.

చట్టం వచ్చాక మాత్రం ఏమైంది? 1856లో కంపెనీ ప్రభుత్వం చేసిన చట్టం కింద మొదటి దరఖాస్తు ఆ ఏడు మార్చి 3న కలకత్తాలో పడింది. జార్జ్ ఆల్‌ఫ్రెడ్ డీపెన్నింగ్ అనే ఆయన పంకా లాగే యంత్రం కనిపెట్టాడు. దొరగారి నెత్తి మీద పంకాను లాగే కూలివాడి పనిని యంత్రానికి అప్పగించడమన్నమాట. ఈ దేశపు పేటెంట్ల పట్టికలో మొట్టమొదటి సౌకర్యం ఎవరి చెమట ఆరడానికో వేరే చెప్పాలా! లండన్ అనుమతి లేకుండా చేశారని ఆ చట్టాన్ని 1857లో రద్దు చేసి, 1859లో మళ్లీ తెచ్చారు. అప్పటికి ఐరాల ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఈ పల్లెల్లో మనిషి వెంట తిరిగే సరంజామా ఒక్కాకు తిత్తిలో ఇమిడిపోయేది. ఆకులకొక అర, వక్కలకొక అర, అడకత్తెర, గొలుసుకు చిన్న గరిటె వేలాడే ఇత్తడి సున్నపుకాయ, నిప్పుకు చెకుముకి. తాడు బిగిస్తే మూతి పడేది, మొలలో దోపుకుంటే ఊరు దాటొచ్చు. ఇంత పొందికైన వస్తువుకు చట్టం దృష్టిలో అర్హత లేదు. చట్టం అడిగేవి రెండే: ఇది కొత్తదా, కనిపెట్టింది ఎవరు? తరతరాలుగా కుట్టేవాళ్ల చేతుల్లో మెరుగుపడిన తిత్తికి ఈ రెంటికీ జవాబు లేదు. ఐరాల మండలంలోనే ఉన్న కాణిపాకం స్థలపురాణంలో ముగ్గురు అన్నదమ్ములు ఏతంతో నీళ్లు తోడుతుంటే బావిలో వినాయకుడు బయటపడ్డాడంటారు. అన్నదమ్ములు గుర్తున్నారు, దేవుడు గుర్తున్నాడు. ఆ ఏతం మొదట కట్టినవాడెవడో పురాణానికి కూడా తెలియదు.

చెకుముకిని వెళ్లగొట్టింది అగ్గిపెట్టె. పెట్టె పక్కన గీస్తేనే అంటుకునే పుల్లకు స్వీడన్‌లో గుస్తాఫ్ పాష్ 1844లోనే పేటెంటు తీసుకున్నాడు. 1920ల్లో శివకాశిలో అగ్గిపుల్లల తయారీ మొదలయ్యేనాటికి, ఆ తర్వాత చిత్తూరుకు పొరుగునే ఉన్న గుడియాత్తం ఇళ్లలో పెట్టెలు అంటించేనాటికి, ఆ హక్కు ఎప్పుడో కాలం చేసింది. తలనొప్పి మందు కథ ఇంకా తమాషా. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనాన్ని జనం పేటెంటు మందుల కోవలోనే జమకట్టారు. నిజానికి పేటెంటు కావాలంటే తయారీ గుట్టు విప్పి రాసివ్వాలి, గడువు తీరాక అది అందరిదీ అయిపోతుంది. ఇలాంటి మందుల బలం గుట్టులోనూ పేరులోనూ ఉంటుంది. మూటలో ఒక మూలకు సరిపోయే ఆ చిన్న సీసా సంపాదించిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తెలుగువాడు చేసిన, వెంట తీసుకెళ్లే వస్తువుల్లో ఇంతదూరం నడిచింది మరొకటి నాకు తోచదు.

హక్కు దక్కుతుందన్న ఆశ లేకపోతే ఎవరు కనిపెడతారని అడగొచ్చు. అడగాల్సిన మాటే. ఫ్లాస్కు సంగతే చూడండి. జేమ్స్ డీవార్ 1892లో దాన్ని ప్రయోగశాల కోసం చేసుకుని పేటెంటు ఊసే ఎత్తలేదు. జర్మనీలో రైన్‌హోల్డ్ బర్గర్ 1903లో పేటెంటు తీసుకుని, మరుసటేడు థెర్మాస్ పేరుతో బజారుకు తెచ్చాడు. డీవార్ కోర్టుకెక్కి ఓడిపోయాడు. ప్రయోగశాల గాజుబుడ్డిని కాఫీ మోసే వస్తువుగా మార్చింది పేటెంటు ఆశే, దాన్ని కాదనలేను. కానీ వస్తువును పుట్టించడం వేరు, ఊరు చేర్చడం వేరు. రెండో ఆక్షేపణ ఇంతకన్నా గట్టిది: పేటెంటు సడలితే చాలదు, ధర దిగాలి, సరుకు రావాలి. నిజమే. అగ్గిపుల్ల మీద పేటెంటు పోయినా స్వీడిష్ కంపెనీ విమ్కో పేరుతో ఇండియా బజారులో పాతుకుపోయింది. పెట్టుబడి పెత్తనానికి పేటెంటుతో పనిలేదు. ఇందువల్ల నా వాదం కొంత తగ్గుతుందేగానీ తిరగబడదు. పేటెంటు కూడా ఉండి ఉంటే గుడియాత్తం ఇళ్లలో ఆ పని మొదలయ్యేదే కాదు.

పుట్టించడానికీ ఊరు చేర్చడానికీ ఉన్న ఈ తేడాను ఢిల్లీ కూడా ఆలస్యంగానైనా గుర్తించింది. పేటెంటు చట్టం మీద జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959 నివేదికలో తేల్చింది ఇదే: ఇండియాలో పేటెంట్లలో అధికభాగం విదేశీయులవి, వాటిలో చాలావాటి సరుకు ఇక్కడ తయారే కాలేదు. అంటే అవి వేరేవాళ్లు చేయకుండా వేసిన కంచెలు. 1970 పేటెంటు చట్టం ఆ నివేదిక పునాది మీద లేచింది. ఇంతలో కడలూరులో చిన్నికృష్ణన్ షాంపూను చిన్న పొట్లంలో పోసి అమ్మాడు. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో ఆ దారినే పట్టాడు, తర్వాత చిన్నా పెద్దా కంపెనీలన్నీ పొట్లాల్లోకి దిగాయి. ఆ ఆలోచన ఒక్కరి కంచెలో ఉండిపోలేదు గనకే కూలికెళ్లే మనిషి తలకూ నురుగు అందింది. చెరువుగట్ల మీద ఖాళీ పొట్లాలు పేరుకుపోవడమూ ఆ లెక్కలోనే రాయాలి. వినాయక చవితికి కాణిపాకం బ్రహ్మోత్సవాల అంగళ్లలో ఆ పొట్లాల దండల పక్కనే రింగుకు గుచ్చిన పిన్నీసుల గుత్తులు వేలాడుతుంటాయి. కొనేవాళ్లు హంట్ ఊసు ఎత్తరు, తుప్పు పడుతుందా పట్టదా అని మాత్రం ఒకటికి రెండుసార్లు అడుగుతారు.