హన్మకొండ స్థానం, పరకాల ఓటరు: లోక్‌సభ స్థానాల పంపిణీపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

1984 లోక్‌సభ ఎన్నికల్లో భారతీయ జనతాపార్టీకి దేశం మొత్తం మీద దక్కిన స్థానాలు రెండే. వాటిలో ఒకటి హన్మకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడినవారు పి.వి. నరసింహారావు. జంగారెడ్డి అంతకుముందు 1967లో పరకాల నుంచే శాసనసభకు ఎన్నికైనవారు. రాజకీయ చరిత్రలో తరచూ ప్రస్తావనకు వచ్చే ఆ హన్మకొండ లోక్‌సభ నియోజకవర్గం నేడు లేదు. 2008 ఉపఎన్నికే దానికి చివరిది. రాష్ట్రాల మధ్య స్థానాల సంఖ్యను కదపకుండా నిలిపివేసిన కాలంలోనే ఈ స్థానం అంతరించింది. అది ఎలా జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంఖ్య నిలిచిపోయిన తీరు

రాజ్యాంగం 81వ అధికరణం ప్రకారం రాష్ట్రాలకు లోక్‌సభ స్థానాలు జనాభా నిష్పత్తిలో దక్కాలి. ప్రతి జనగణన తర్వాత వాటిని సర్దుబాటు చేయాలని 82వ అధికరణం నిర్దేశిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు 1962 ఎన్నికల నాటికి 43 స్థానాలుండగా 1967 నాటికి అవి 41 అయ్యాయి. అదే సందర్భంలో మద్రాసు రాష్ట్రం స్థానాలు 41 నుంచి 39కి తగ్గాయి. ఆ నష్టం తమిళనాట ఇప్పటికీ చర్చనీయాంశమే. 2021లో మద్రాసు హైకోర్టు సైతం దానిని ప్రస్తావించింది. తెలుగువారు మాత్రం తాము కోల్పోయిన రెండు స్థానాలను దాదాపు మరిచిపోయారు. 1971 జనగణన ఆధారంగా ఒకటి తిరిగి వచ్చి, 1977 ఎన్నికల నాటికి సంఖ్య 42కు చేరింది. హన్మకొండ నుంచి పి.వి. లోక్‌సభకు ఎన్నికైనది ఆ ఎన్నికల్లోనే.

1976లో 42వ రాజ్యాంగ సవరణ ఈ సర్దుబాటును నిలిపివేసింది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు అందుకు మూల్యం చెల్లించకూడదన్నది దాని వెనుక ఉన్న వాదన. 1971 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్థానానికి సుమారు 10.36 లక్షల జనాభా ఉంటే, 85 స్థానాలున్న ఉత్తరప్రదేశ్‌లో 10.39 లక్షలు. అంటే ఆనాడు తూకం దాదాపు సమానం. 2011 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సగటు 20.1 లక్షలు కాగా, 80 స్థానాల ఉత్తరప్రదేశ్‌లో సుమారు 25 లక్షలు, బీహార్‌లో 26 లక్షలు. 543 స్థానాలనే 2011 జనాభా ప్రకారం పంచితే ఉమ్మడి రాష్ట్రానికి 42కు బదులు 38 వస్తాయి. దక్షిణాది ఆందోళనకు మూలం ఇదే. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే బీహార్ ఓటరు వైపు నుంచి చూస్తే అతని ఓటు విలువ తగ్గిందన్నదీ కాదనలేని సత్యం.

పరకాలలో మారిన గీతలు

2001లో 84వ సవరణ ఈ నిలుపుదలను 2026 తర్వాత జరిగే తొలి జనగణన వరకు పొడిగించింది. కానీ రాష్ట్రం లోపలి సరిహద్దులను మార్చడానికి మాత్రం దారి తెరిచింది. 2003లో 87వ సవరణ అందుకు 2001 జనగణనను ఆధారం చేసింది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ గీసిన పటం 2008లో అమలులోకి వచ్చింది. 329వ అధికరణం వల్ల అలాంటి ఉత్తర్వులను న్యాయస్థానంలో ప్రశ్నించడం కష్టసాధ్యం.

రాష్ట్రానికి 42 స్థానాలూ అలాగే ఉన్నాయి. హన్మకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ మాత్రం పోయాయి. హైదరాబాద్ చుట్టూ మల్కాజిగిరి, చేవెళ్ల పుట్టాయి. వలసలు ఎటు సాగాయో స్థానాలూ అటే సాగాయి. పరకాల వరంగల్ లోక్‌సభ పరిధిలోకి చేరింది. ఆ వరంగల్ 2009 నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. విచిత్రమేమంటే, 1978 నుంచి రిజర్వుడుగా ఉన్న పరకాల శాసనసభ స్థానం అదే ఉత్తర్వుతో జనరల్ అయింది. పొరుగున ఉన్న శాయంపేట నియోజకవర్గం రద్దు కావడంతో అక్కడ రెండుసార్లు గెలిచిన కొండా సురేఖ 2009లో పరకాల నుంచి పోటీచేసి గెలిచారు. ఊరు కదలలేదు, ఓటరూ కదలలేదు. ప్రతినిధిని ఎన్నుకునే చట్రం మాత్రం రెండు స్థాయుల్లోనూ తలకిందులైంది. జాతీయ జెండా కోసం 1947 సెప్టెంబరు 2న కాల్పులకు ఎదురు నిలిచిన పట్టణంలో ఇంతటి మార్పు పెద్ద వివాదం కాలేదు.

జనాభా సూత్రం రాష్ట్రాల మధ్య ఉత్తరాదికి మేలు చేస్తుంది. రాష్ట్రం లోపల అదే సూత్రం నగరానికి మేలు చేస్తుంది. ఇంత సర్దినా 2019 ఎన్నికల నాటికి మల్కాజిగిరిలో ఓటర్లు 31 లక్షలు దాటారు.

ఇప్పటి సందర్భం

2014 పునర్విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153కు పెంచవచ్చన్నది. అది 170వ అధికరణానికి లోబడి ఉన్నందున అమలు కాలేదు. దానిపై వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 27న తెలంగాణ శాసనసభ ఆమోదించిన తీర్మానం లోక్‌సభ స్థానాల సంఖ్యను పెంచవద్దని కోరింది. రాష్ట్రాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని, తాజా జనాభా ఆధారంగా లోక్‌సభ నియోజకవర్గాల సరిహద్దులు మార్చాలని కూడా కోరింది. అంటే, రాష్ట్రాల మధ్య వద్దనుకున్న కొలమానాన్నే రాష్ట్రం లోపల వాడమని అడిగింది. దీనిని సమర్థించే వాదన లేకపోలేదు: సమాఖ్యలో రాష్ట్రానికి ఉన్న హోదా జిల్లాకు లేదు. 2008లో హన్మకొండ పోయినప్పుడు ఈ వాదనను పరకాల ఓటరుకు ఎవరూ వినిపించలేదు.