కంప్యూటర్ నిదానమైతే ముసలిదైపోయినట్టేనా?



మన ఆఫీసు కంప్యూటర్ ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా ఇంకా తెర తెరుచుకోదని అందరూ నవ్వుతున్నారు. దాన్ని పాత సామానుకు వేసేసి కొత్తది కొనాలన్న మాట వచ్చే కమిటీ మీటింగులో వస్తోంది. ఖర్చయ్యేది చందా డబ్బు. పోయేది అందులో ఉన్న సభ్యుల రిజిస్టరు, ఇన్నేళ్ళ ఉగాది సంచికలు. కాబట్టి ఈ నిదానం ఎక్కడ పుట్టిందో ముందుగా చెబుతాను. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవి, కనుక పెద్ద మాటలు ఉండవు.

రైల్వే ఆఫీసులో గుమాస్తాకు ఒక మేజా, వెనక ఒక రికార్డు రూము ఉండేవి. మేజా మీద ఉన్న ఫైలు చేతికి వెంటనే అందుతుంది. రికార్డు రూములోది ప్యూన్ వెళ్ళి వెతికి తేవాలి. కంప్యూటర్‌లో ర్యామ్ మేజా, హార్డ్ డిస్క్ రికార్డు రూము. మేజా నిండితే కొన్ని ఫైళ్ళు లోపలికి పంపి, అవసరమైనప్పుడు తెప్పించుకునే ఏర్పాటు 1962లోనే ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో అట్లాస్ అనే యంత్రంలో పెట్టారు. మన విండోస్ చేసేదీ అదే. మేజా మరీ చిన్నదైతే ఫైళ్ళు మోయడమే పనైపోయి అసలు పని ఆగిపోతుంది. ఈ జబ్బు ఎలా వస్తుందో 1968లోనే పీటర్ డెనింగ్ అనే ఆయన విడమర్చి రాశాడు.

ఇక ఆ ప్యూన్ సంగతి. మొదటి హార్డ్ డిస్క్‌ను ఐబీఎం 1956లో తెచ్చింది. 50 పళ్ళాలు, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. తిరిగే పళ్ళెం, దాని మీద కదిలే చెయ్యి. మన యంత్రంలోనిదీ ఆ వంశమే. నిమిషానికి 7200 చుట్లు తిరిగినా, చెయ్యి జరిగి సరైన చోటు కిందికి వచ్చేదాకా ఆగాలి. చెల్లాచెదురుగా ఉన్న ముక్కలైతే సెకనుకు వంద కూడా తేలేదు. ప్రాసెసర్లు వేల రెట్లు వేగం పెరిగాయి, ఈ చెయ్యి మాత్రం పెద్దగా మారలేదు.

విండోస్ ఆకలి చూడండి. 1995లో దానికి కనీసం 4 ఎంబీ ర్యామ్ చాలు. 2001లో ఎక్స్‌పీకి 64. 2007లో విస్టాకు 512. పన్నెండేళ్ళలో 128 రెట్లు! 2021లో వచ్చిన విండోస్ 11కు 4 జీబీ. కనీసం అంటే అన్‌రిజర్వుడ్ పెట్టెలో నిలబడే చోటు, కూర్చునేది కాదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. 1996లో ఎన్‌టీ 4.0తో వచ్చింది. ఆన్ చేయగానే తమంతట తామే లేచే ప్రోగ్రాముల జాబితా 2012లో విండోస్ 8తో ఇందులో చేరింది. అక్కర్లేనివి అక్కడ ఆపేయొచ్చు. మన యంత్రంలో చూశాను. ఏ పనీ చేయకపోయినా డిస్క్ నూటికి నూరు, ప్రాసెసర్ పది కూడా లేదు. ర్యామ్ 4 జీబీ. అంటే గుమాస్తా ఖాళీగా కూర్చున్నాడు, ప్యూన్ పరుగెత్తి చస్తున్నాడు. తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేస్తే చాలు. దానికి డీఫ్రాగ్ పాత మందు, అక్కర్లేదు. ఒక్క నొక్కుతో వేగం పెంచుతామనే క్లీనర్ ప్రోగ్రాముల జోలికి అసలు పోవద్దు.

ఒక చిక్కు ఉంది, దాచను. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 మన యంత్రంలో లేదు. వేగం వచ్చినా భద్రత రాదు. అందుకే రిజిస్టరుకూ అచ్చు పనికీ మాత్రమే దాన్ని వాడి, ఇంటర్నెట్ తీసేసి, బ్యాంకు పని వేరే చోట చేయాలన్నది నా అభిప్రాయం.

అన్నిటికంటే నాకు బెంగ సంచికల గురించే. విండోస్‌లో యూనికోడ్ తమిళం 2000లో వచ్చింది, తెలుగు మరుసటి ఏడు ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అంతకు ముందు, ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు, డీటీపీ వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల చోట్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లతో కొట్టారు. మన పాత సంచికలన్నీ అలాంటివే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. ఫైలు ఉంటుంది, తెలుగు ఉండదు. కొత్త యంత్రం కొన్నా సరే, పాతదాన్ని కదిపే ముందు ఫైళ్ళతో పాటు ఫాంట్లూ కాపీ చేయాలి, ఒక్కో సంచికకూ పీడీఎఫ్ తీయాలి.

ఈ ఆదివారం నుంచి ఆ పని మొదలుపెడుతున్నాను. పాత సంచికల సీడీలు ఎవరింట్లోనైనా ఉంటే ఆఫీసుకు తెచ్చి ఇవ్వండి. ఎస్ఎస్‌డీ, ర్యామ్ ధరలు రెండు షాపుల్లో అడిగి మీటింగుకు పట్టుకొస్తాను.