చేనేత వాణిజ్యమున చలచ్చిత్రము

వస్తువును, అది తయారగు విధమును కదలెడి బొమ్మలద్వారా చూపి కొనుగోలుదారుని నమ్మకమును సంపాదించు వాణిజ్యప్రక్రియకు చలచ్చిత్ర ప్రచారమని పేరు. కెమెరాతో తీసిన వీడియో ఇందొక తెగ. గీసిన బొమ్మలకు చలనము కల్పించు యానిమేషన్ మరియొకటి. సబ్బులకును శీతలపానీయములకును ఈ ప్రచారము అలంకారమాత్రము. తెలంగాణలోని రామన్నపేట, పోచంపల్లి, పుట్టపాక ప్రాంతముల ఇక్కత్ వస్త్రమునకు మాత్రము సాక్ష్యమువంటిది.

కారణము ఆ నేత స్వభావముననే కలదు. చిట్కి యని వ్యవహరింపబడు ఈ పనితనమున బొమ్మ మగ్గముపై పుట్టదు. మేకులుగల చట్రమైన ఆసుపై పోసిన నూలును, గీసిన గుర్తుల ననుసరించి సైకిలు ట్యూబు పీలికలతో బిగించి కట్టి, రంగున ముంచి, విప్పి, మరల వేరుచోట కట్టి వేరురంగున ముంచుచు, ఇంకను మగ్గమెక్కని పోగులకే బొమ్మను నేర్పి పెట్టుదురు. చీర మడతయై అంగడి చేరునప్పటికి ఈ శ్రమ యంతయు కనుమరుగగును. ఇక్కత్ నమూనాను అచ్చొత్తిన మిల్లుగుడ్డను అసలు చీర సరసనుంచి ఛాయాచిత్రము తీసినచో, ఆరితేరిన కంటికి తప్ప భేదము తోపదు. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక సూచిక లభించినను, ఆ ముద్రను వెదకి చూచి కొనువారెందరు?

ముడివేయు వ్రేళ్లను, నాడె చప్పుడును చూపి వినిపించుటకు వీడియోయే తగును. కాని వారములతరబడి సాగు పనిని ఒక్క నిమిషమున బోధపరచుటయందు యానిమేషనుకు సాటిలేదు. విడివిడిగా అర్థములేని మచ్చలైన పోగులు ఒక్కొక్కటే జరిగి, వరుసగూడి, చిలుకయో ఏనుగో యై నిలుచుటను, పడుగుపేకలు రెండింటను ముందే రంగువేసిన తేలియా రుమాలులో మచ్చపై మచ్చ సరిగా వచ్చి కూర్చొనుటను ఏ కెమెరాయు నొక్కచూపున పట్టజాలదు. (ఆముదపుకాయల బూడిదతోను, నూనెతోను పదనుచేసిన ఆ నూలు వాసనను మాత్రము రెండును చూపజాలవు.)

చలనముయొక్క బోధనాశక్తికి ఆసుయే చక్కని నిదర్శనము. ఒక చీరకు ఆసు పోయుటకై చేయి సుమారు 9,000 సార్లు ఇటునటు తిరుగవలెనన్న, వినువాడు తలయూచి ఊరకుండును. ఆ కదలికనే కొన్ని నిమిషములు చూచెనా, తన భుజమే నొచ్చినట్లు తోచును. తల్లి లక్ష్మి పడు ఈ బాధను చూడలేక ఆలేరు మండలము శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము 1999లో లక్ష్మీ ఆసు యంత్రమును నిర్మించెను. 2017లో పద్మశ్రీ పొందెను. ఆయన జీవితమును రాజ్ ఆర్ దర్శకత్వమున, ప్రియదర్శి కథానాయకుడుగా తెరకెక్కించిన ‘మల్లేశం’ 2019లో విడుదలయ్యెను. అది ప్రకటన కాదు, కథాచిత్రము. ఐనను మగ్గమెరుగని పట్టణవాసికి ఆసు అను మాటను పరిచయము చేయుటలో అది పెక్కు ప్రకటనలకంటె మేలనదగును.

బొమ్మతో చెప్పుట ఈ నేలకు కొత్తగాదు. పద్మశాలీలకు కూనపులివారు పటము విప్పుచు, ఘట్టము వెంట ఘట్టమును కర్రతో చూపుచు మార్కండేయ పురాణము చెప్పుట తరతరముల ఆచారము. చేర్యాల నకాషీ చిత్రకారుల కుంచెనుండి వెలువడిన అట్టి పటము, తలచిచూచిన, తెరకు పూర్వరూపమే. పిమ్మట 1975–76లో ఉపగ్రహ దూరదర్శన ప్రయోగము దేశమున సుమారు 2,400 గ్రామములకు, వానిలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలకును, సేద్యము, ఆరోగ్యము మున్నగు విషయములను టీవీలో చూపెను. యానిమేషనును ఈ నేలకు పరాయిది కాదు: 2001లో హైదరాబాదున స్థాపితమైన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ 2008 నుండి ఛోటా భీమ్ అను యానిమేషన్ ధారావాహికను ఇంటింటికి చేర్చినది.

నేడు వాట్సాప్ ద్వారాను, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ద్వారాను చీర నమ్ముటకు చేతిఫోనే చాలుచున్నది. సాధారణముగా జరుగు పొరపాటు, మగ్గపు సవ్వడిని తీసివేసి సినీగీతమును తగిలించుట. తన సాక్షి నోరును తానే నొక్కుటవంటిదది. రెండవది వర్ణదోషము. ఫోను తనంతట తాను రంగులను దిద్దును గావున, చీరను గుమ్మమువద్ద పగటివెలుతురున పరచి, ప్రక్కన రంగువేయని తెల్లనూలు చిలుపనొకదానిని పెట్టి తీసినచో, చూచువాడు ఆ తెలుపునుబట్టి తక్కిన రంగులను పోల్చుకొనగలడు.