సాక్షుల వరుసలో రేనాటి చరిత్ర

గండికోట కడ పెన్న, వేంపల్లె చేరువనున్న గండిక్షేత్రము కడ పాపఘ్ని కొండలను చీల్చుకొని ప్రవహించు సీమను, అనగా నేటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములను, పూర్వులు రేనాడనియు ఏడువేల నాడనియు వ్యవహరించిరి. తెలుగు వాక్యము తొలుత శిలపై నిలిచినది ఇచ్చటనే. క్రీ.శ. 575 ప్రాంతమున ఎఱికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాటిని ఏలుచుండగా కలమళ్లలో వెలసిన శాసనమును మన పాఠ్యపుస్తకములు భాషాప్రాచీనతకు నిదర్శనముగా పేర్కొని అంతటితో విరమించును. ఆ శిలలు ఆనాటి మనుష్యుల పరస్పర సంబంధములకును సాక్ష్యములనియు, ఆ దృష్టితో వానిని మరల చదువవలెననియు నా దృఢవిశ్వాసము.

ఎఱ్ఱగుడిపాటి శాసనమునే చూడుడు. కొట్టమునందలి బ్రాహ్మణునికి 24 మఱుతురుల (ఆనాటి భూమికొలత) నేలను పన్నసగా, అనగా దానముగా, ఇచ్చిన సంగతి అందు కలదు. పండితుల దృష్టి ఎల్లప్పుడును దాతపైనను, విభక్తులపైనను నిలుచుచుండగా, నడుమ సాక్షులుగా నిలిచిన దుజయరాజుల ముత్తురాజు, నవప్రియ ముత్తురాజు, వల్లవ దుకరాజు అను మువ్వురు మఱుగున పడిపోయిరి. దుకరాజనగా యువరాజని విజ్ఞుల అభిప్రాయము. ఒక బ్రాహ్మణుని పొలమునకు ఇందఱు పెద్దలు సాక్ష్యమిచ్చుటకు కారణమేమి? వారు ఏలికకు జ్ఞాతులా, సామంతులా, పొరుగు ప్రభువులా? మాలేపాడు తామ్రశాసనము ఈ ఏలికల వంశమువాడగు నందివర్మకు సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయుడు కుమారులని వంశక్రమమును తెలుపును గాని, ఒక ప్రభువునకు సమకాలమున ఎవరెవరు అండగా నిలిచిరో చెప్పునది సాక్షుల వరుసయే.

ఇట్టి ప్రశ్నలకు నేటి సామాజికశాస్త్రమున సంబంధజాల విశ్లేషణమను పద్ధతి కలదు. మనుష్యుని బిందువుగాను, ఇరువురి పొత్తును గీతగాను చూపు పటములను జేకబ్ మొరీనో 1934లోనే ప్రకటించెను. జాన్ పాడ్జెట్, క్రిస్టఫర్ ఆన్సెల్ 1993లో ఫ్లారెన్సు నగర కుటుంబముల వివాహములను, ఋణములను, వ్యాపారపు పొత్తులను ఇట్లే పరిశీలించి, తమలో తమకు పొత్తులేని కుటుంబముల నడుమ మెడీచీ వంశము కూడలియై నిలుచుటయే దాని ప్రాబల్యమునకు మూలమని నిరూపించిరి. మన దేశమున కాకతీయ శాసనములనుండి సామంతుల, అధికారుల సంబంధములను కూర్చి సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన గ్రంథము తెలుగు చరిత్రకు మహోపకారము చేసినది.

రేనాటిలో ఈ పని అంత సులభము కాదు. కలమళ్ల శిలపై ధనంజయుని పేరు స్పష్టముగా నున్నది; ఎఱ్ఱగుడిపాటిలో ఎఱికల్ ముత్తురాజను బిరుదము మాత్రమే కలదు. ఇరువురును ఒక్కరే యనుకొన్నచో పటములో ఒకే బిందువు, కానిచో రెండు. ఆ ఒక్క నిర్ణయముతో గీతలన్నియు మాఱిపోవును. పైగా కలమళ్ల శాసనమున నడుమ పంక్తులు చెరిగిపోయినవి. చెరిగిన చోట గీత లేనంతమాత్రమున సంబంధమే లేదనుట తొందరపాటు. కావున గణితమునకు ముందు లిపిశాస్త్రము, దానికి తోడుగా స్థానిక భూగోళజ్ఞానము ఆవశ్యకములు. యంత్రము గీతలను గీయగలదు గాని, ఏ ముత్తురాజు ఎవ్వరో తేల్చుట శాసనపండితుని పనియే.

మెకంజీ దొర పరివారము 19వ శతాబ్దారంభమున సేకరించిన కైఫియత్తులలోను, అనగా గ్రామచరిత్రలలోను, ఈ సీమ గ్రామముల పాలెగాండ్రు, కరణములు, రెడ్లు, ఆలయాధికారులు విస్తారముగా దర్శనమిచ్చెదరు. శాసనములను, కైఫియత్తులను కలిపి వ్యక్తినామముల పట్టికను సిద్ధము చేయుట ప్రొద్దుటూరు, పులివెందుల కళాశాలల చరిత్రవిద్యార్థులకు తగిన పని. ఈ ప్రాంతపు పాఠకులకు నా ప్రార్థన ఒక్కటియే: మీ పొలముగట్టునగాని, గుడి ప్రాకారమునగాని అక్షరములున్న రాయి కనబడినచో దానికి సున్నము పూయకుడు, గోడలో పెట్టి కట్టకుడు, ఛాయాచిత్రము తీసి పురావస్తుశాఖకు తెలుపుడు.