బాపట్ల నుంచి త్రిపురికి: 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో ఆంధ్ర ప్రతినిధులు

1939 జనవరి 29న జరిగిన కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికను గాంధీ, బోసుల సిద్ధాంత సంఘర్షణగా వివరించడం చరిత్ర రచనలో పరిపాటి. ఆ ఓటు ఏ నిర్మాణం ద్వారా వెలువడిందన్న ప్రశ్నకు అంతటి ప్రాధాన్యం దక్కలేదు.

అధ్యక్షుని ఎన్నుకొన్నవారు రాష్ట్ర శాఖల ప్రతినిధులు. నాలుగణాల చందా చెల్లించిన ప్రాథమిక సభ్యులు ఆ ప్రతినిధులను ఎన్నుకొనేవారు. నాటి గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సామాన్య సభ్యుని అభిప్రాయం ఈ మెట్ల మీదుగానే అఖిల భారత స్థాయికి చేరేది.

ఈ నిర్మాణానికి ఆంధ్రలో పూర్వరంగం ఉన్నది. 1913లో బి.ఎన్. శర్మ అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలోనే జరిగింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతుల కృషి ఫలితంగా 1918 నాటికి ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెస్ శాఖ ఏర్పడింది. మద్రాసు రాష్ట్రం విడిపోకముందే ఆంధ్రులకు కాంగ్రెస్‌లో వేరుగా లెక్కించదగిన ఓటు లభించింది.

మౌలానా ఆజాద్ తప్పుకొనగా పట్టాభి అభ్యర్థి అయ్యారు. బోసుకు 1580, పట్టాభికి 1377 ఓట్లు లభించాయి. వంగ ప్రతినిధులలో అత్యధికులు బోసును, ఆంధ్ర ప్రతినిధులలో అత్యధికులు పట్టాభిని బలపరచారు. దీనిని కేవలం ప్రాంతాభిమానమనలేము. భాషాబంధం లేని గుజరాత్, బీహార్‌లలోనూ పట్టాభికే ఆధిక్యం వచ్చింది. ఆంధ్రలో మాత్రం గాంధేయ విధేయత, స్వీయాభిమానం ఒకే ఓటులో కలిసిపోయాయి. పట్టాభి ఓటమి తనదేనని గాంధీ ప్రకటించడంతో ఆ రెండవ అర్థం మరుగున పడింది.